టెంక కట్టని ఆట

పోయిన నెల ఇంటిపన్ను రసీదు కోసం అటక మీది రేకుపెట్టె దింపి మూత తీశానో లేదో, రసీదు దొరకలేదు గాని ఒక వాసన దొరికింది. పొయ్యి పొగ, మాగిన మామిడిపండు, వేడెక్కిన ప్లాస్టిక్కు, ఈ మూడూ కలిసిన వాసన భూమండలం మొత్తమ్మీద ఒకే ఒక్క వస్తువుకు ఉంటుందని ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. మా మామ్మ పాతచీర ముక్కలో చుట్టి ఉందది. విప్పితే అరచెయ్యంత వీడియో గేమ్ క్యాసెట్, ఒకప్పుడు పసుపుపచ్చ, ఇప్పుడు పొగచూరి బెల్లం రంగు.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "నాన్నా, ఇది సబ్బుపెట్టెనా?" అని అడిగింది. అడిగింది గాని ఆమె మనసు దాని మీద లేదు. వచ్చే శుక్రవారం ఏదో కొత్త ఆట విడుదలవుతోందట, మూడేళ్లుగా లోకమంతా దానికోసమే ఊపిరి బిగబట్టుకుని ఉందట, ముందుగా కొనుక్కున్నవాళ్లకు ఆటలో ఒక గుర్రాన్నీ, గుర్రానికి వెండి జీనునూ ఉచితంగా ఇస్తారట. వారం రోజులుగా మా ఇంట్లో అన్నం దగ్గర గుర్రం, కాఫీ దగ్గర గుర్రం, నేను స్నానానికి వెళ్తే తలుపవతల గుర్రం.

"కొన్నాళ్లు ఆగి కొందాంలే" అన్నాను.

"ఎన్నాళ్లు?"

"టెంక కట్టేదాకా."

గుర్రానికి టెంకేమిటన్నట్టు చూసింది. ఆమె తప్పు కాదు. విశాఖపట్నంలో అయిదో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్లకు మా మామ్మను పరిచయం చెయ్యకుండా ఈ మాట అర్థం చేయించడం నావల్ల కాదు.

మా ఊరు అరకులోయ దాటి ఇంకా పైకి వెళ్లాక వస్తుంది. పేరు చెబితే మీరు పటంలో వెతుకుతారు, దొరకదు, పటం గీసినాయనకు లేనిపోని చెడ్డపేరు. చలికాలం అక్కడ మంచు ఎంత దట్టంగా దిగేదంటే, పొద్దున్నే మామ్మ కత్తితో దాన్ని అడ్డంగా కోసి, దారి చేసుకుని, మేకను విప్పడానికి వెళ్లేది. మీరు నమ్మక్కర్లేదు గాని కత్తి మాత్రం నిజంగానే ఉండేది. మేక కూడా. వలిసెపూలతో కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుండే రోజులు వెళ్లి, చోళ్ల, అంటే రాగుల, కోతలైపోయి, వేడి అంబలిలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఎండలో వీపు కాచుకునే రోజులొచ్చి, ఆ తర్వాత ఒక వాన చినుకు పడగానే కాఫీతోటలన్నీ ఒక్కసారే తెల్లగా పూసి, ఊరు ఊరంతా ఎవరో పెళ్లికూతురు తల విరబోసుకు కూర్చున్నట్టు గుబాళించేది. సరిగ్గా అప్పుడే మామిడిచెట్లు పిందెలు వేసేవి. సరిగ్గా అప్పుడే నాకు కష్టాలు మొదలయ్యేవి.

ఎందుకంటే మా కొండల్లో మామిడికాయ చెట్టున కాసినంతమాత్రాన తినడానికి వీల్లేదు. ముందు 'కొత్త' అవ్వాలి. మంచిరోజులు చూసే దిసారి వేళ్లు మడిచి లెక్కలు కట్టి ఒక రోజు చెబుతాడు, ఆ రోజున ఊరంతా చేరి మొదటి కాయలు దేవతకు పెట్టి, ఆ తర్వాతే మనిషి నోట్లో పెట్టుకోవాలి. చిక్కుళ్లకు చిక్కుడుకొత్త, కొర్రలకు కొర్రకొత్త, దేని కొత్త దానిదే. దీని మీద మా మామ్మకు సొంత సిద్ధాంతం ఒకటుండేది. "టెంక కట్టని కాయ తింటే నీకు కడుపునొప్పి, సెట్టుకి కడుపుకోత" అనేది. టెంక గట్టిపడ్డాక కోస్తే కాయకు రుచి, మరుసటేటికి విత్తనం. అంతదాకా ఆగలేనివాడు మనిషి కాదు, కోతి.

కోతుల్ని పట్టుకోవడానికి ఆమె దగ్గర పద్ధతి కూడా ఉండేది. కొత్తరోజు పొద్దున్నే ఇంట్లో పిల్లలందర్నీ అరుగు మీద వరసగా నిలబెట్టి, గడ్డం పట్టుకుని మూతులు పైకెత్తి చూసేది. దొంగతనంగా పచ్చికాయ కొరికినవాడి పెదవి చివర సొన కాలి నల్లటి మచ్చ పడి ఉంటుంది కదా. ఆ మచ్చ ప్రతి ఏడూ నా మూతి మీదే ఉండేది. మా ఊళ్లో కొందరు అది నా పుట్టుమచ్చే అనుకునేవారు.

ఇలాంటి ఇంట్లోకి వీడియో గేమ్ వచ్చిపడింది. తెచ్చినవాడు మా చిన్నాన్న. పక్క ఊరి బళ్లో మాస్టారు. ముందు నలుపు తెలుపు టీవీ ఒకటి జీపు మీద కట్టి తెచ్చాడు, ఆ మరుసటేడు దానికి తగిలించే ఆటపెట్టె. దాంతోపాటు వచ్చిన క్యాసెట్ మీద తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలున్నాయని రాసుంది. నేనూ మా బుద్రప్పా కూర్చుని తేల్చాం, ఉన్నవి ఏడు. మిగిలినవన్నీ ఆ ఏడే పేర్లు మార్చుకుని మళ్లీ వచ్చేవి, హాస్టల్లో పప్పు సాంబారై, సాంబారు చారై వచ్చినట్టు. బుద్రప్ప అంటే మా చిన్నాన్న కూతురు బుద్రి. నాకంటే మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలలకు గాను ఇప్పటికీ నాచేత అప్ప అని పిలిపించుకుంటోంది.

ఆ ఏడు ఆటల్నీ అరగదీసి, కళ్లు మూసుకుని ఆడి, కాలి బొటనవేళ్లతో ఆడి, చివరికి మేకకు నేర్పుదామా అని ఆలోచిస్తున్న రోజుల్లో, మాఘమాసం సంతలో క్యాసెట్ల మావ కొత్త సరుకు దించాడు. ఈ మావ వారం వారం మైదానం నుంచి జీపులో వచ్చి, ఎండుచేపల కొట్టుకీ పూసల పలకసర్ల కొట్టుకీ మధ్య టార్పాలిన్ పరిచి, పాటల క్యాసెట్లూ ఆటల క్యాసెట్లూ అమ్మేవాడు. ఆ రోజు తాడుకు వేలాడుతోంది పసుపుపచ్చది. బొమ్మ మీద ఒక మొనగాడు, ఒక చేతిలో తుపాకి, ఒక చేతిలో కత్తి, కాలి కింద మొసలి, వెనక మండుతున్న నగరం, ఆ పైన ఎందుకో ఒక విమానం. తెల్లారేసరికి లోకంలో ఇంకేమీ మిగలదన్నట్టుంది ఆ బొమ్మ. ఎండుచేపల కంపు మధ్య నిలబడి నేనూ అప్పా ఎంతసేపు చూశామో తెలియదు. అల్లం అమ్ముకుని వస్తున్న మామ్మ మా వెనక నిలబడింది.

"ఏట్రా గుంటడా, ఏటి సూత్తన్నారు అలాగ?"

"కొత్త కేసెట్టు మామ్మా. కొను మామ్మా."

మామ్మ క్యాసెట్ల మావ వైపు తిరిగింది. "కొత్తదేటి?"

"నిన్ననే దిగిందమ్మా! ఈ కొండ మీద ఎవరూ సూడ్లేదు, ఎవరూ ముట్లేదు!" అన్నాడు మావ ఉత్సాహంగా. పాపం, అమ్మకానికి పనికొస్తుందనుకున్నాడు. మామ్మ దగ్గర అనకూడని మాట ప్రపంచంలో అదొక్కటే.

"ఐతే కొత్త అవ్వనీ. అయ్యేక కొందుం" అనేసి నడిచింది.

మామిడికొత్తకు ఇంకా రెండు నెలలుంది. పై కోర్టుకు వెళ్దామని చిన్నమ్మను ఆశ్రయించాం. మా చిన్నమ్మది మిషన్ చర్చి కుటుంబం. మామ్మ దేవతలకూ ఆమెకూ సంబంధం లేదు, కాబట్టి తీర్పు వేరేగా వస్తుందని మా ఆశ. చిన్నమ్మ శ్రద్ధగా విని, "శ్రమదినాలు వస్తన్నాయి కదమ్మా. నలభై రోజులు సరదాలు మానుకోవాల. ఈస్టర్ అయ్యేక అడుగుదుం" అంది. మా ఇంట్లో దేవుళ్లు ఎన్నడూ ఒకరి మాటకు ఒకరు తలూపింది లేదు. నా క్యాసెట్ విషయంలో మాత్రం అందరూ సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు.

సరే, అయ్యాక ఎవరో కొంటారులే అని కూర్చుంటే అప్పటికి సరుకుండాలి కదా. అందుకని మా అప్ప ఒక ఏర్పాటు చేసింది. అవి కొండచీపురు గడ్డి కోసే రోజులు. బడి అవ్వగానే ఇద్దరం వాలు మీదికెక్కి, చేతులు గీరుకుపోతుంటే గడ్డి కోసి, ఎండబెట్టి, దులిపి, చీపుళ్లు కట్టి మేకలపాక వెనక దాచాం. వీటికి బదులుగా క్యాసెట్ ఇస్తానని మావ ఒప్పుకున్నాడు. కొత్త అయిన మరుసటి సంతకు ఇద్దరం కలిసి పట్టుకెళ్లాలి, ఇద్దరం కలిసి తేవాలి, మొదటి ఆట ఇద్దరం చెరొక మీట పట్టుకుని ఆడాలి. అదీ ఒప్పందం. చీపుళ్లలో ముప్పాతిక వంతు అప్ప కోసినవే. నేను ఎక్కువగా కొండ మీద నిలబడి మొసలి ఎంత పొడవుండొచ్చో ఆలోచించేవాణ్ణి.

ఫాల్గుణం చివర్లో చిన్నమ్మ పుట్టింట్లో ఏదో పనిబడి అప్పను తీసుకుని పది రోజులకు పెదబయలు వెళ్లింది. జీపు ఎక్కుతూ అప్ప నా చొక్కా పట్టుకుని, "నానొచ్చేదాకా సీపుళ్లు ముట్టకు. సూసుకో, అంతే" అంది. చూసుకున్నాను. మొదటి రోజు చూసుకున్నాను. రెండో రోజు చూసుకున్నాను. మూడో రోజు సంత. అవతలి ఊరి సర్పంచి కొడుకు ఒక క్యాసెట్ కొన్నాడనీ, తాడుకు ఇంకొక్కటే మిగిలిందనీ తెలిసింది. ఆ తర్వాత నా కాళ్లూ, నా తలా, తల మీద చీపుళ్ల మోపూ నన్నడక్కుండానే సంతకు వెళ్లిపోయాయి.

"కొత్త అయిపోనాదేట్రా?" అన్నాడు మావ.

"మా ఇంట్లో బేగి సేసీసినారు" అన్నాను. దేవత పేరు మీద అబద్ధం ఆడినవాడికి మావతో ఆడటం ఒక లెక్కా?

మర్నాడు మామ్మ అల్లం మడికీ, చిన్నాన్న బడికీ, అమ్మానాన్నా కాఫీతోటకూ వెళ్లగానే, కడుపునొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయిన నేను తలుపు గడియ పెట్టి ఆ క్యాసెట్ తగిలించాను. మొనగాడు వచ్చాడు. బొమ్మ మీద ఏడడుగులున్నవాడు తెర మీద మినపగింజంత ఉన్నాడు, అయినా నాకు ఏడడుగులే కనిపించాడు. గెంతాడు, కాల్చాడు, మొసలి మీంచి దూకాడు, మొదటి అంకం దాటాడు, రెండో అంకంలో ఒక తాళ్లవంతెన దగ్గరికి వచ్చాడు. వంతెన మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు గాల్లో ఉండగా ఆగిపోయాడు.

తీశాను, ఊదాను, పెట్టాను. మళ్లీ మొదటినుంచి. మళ్లీ వంతెన. మళ్లీ గాల్లో కాలు. చొక్కాతో తుడిచాను, పొయ్యి దగ్గర చూపించాను, బతిమాలాను, తిట్టాను, మేకలపాక దగ్గరున్న రాతికి దండం పెట్టి ఒక కోడిగుడ్డు కూడా సమర్పించాను. ఆరు రోజుల్లో ఆ వంతెన దగ్గరికి నేను వెళ్లినన్నిసార్లు ఆ మొనగాడి సొంత తల్లి కూడా వెళ్లి ఉండదు. దాటలేదు. కొత్త అవ్వకుండా ముట్టినందుకు దేవతే వాడి కాలు పట్టుకుని ఉందని నాకు నిశ్చయమైపోయింది. సర్పంచి కొడుకును అడిగితే వాడి మొనగాడు అసలు మొసలి దగ్గరే ఆగిపోయాడట. వాడు నాకంటే రెండు వారాలు ముందు కొన్నాడు మరి, దేవతకు వాడి మీద ఇంకా ఎక్కువ కోపం ఉండటం న్యాయమే.

అప్ప తిరిగొచ్చింది. జీపు దిగి సంచి కూడా కింద పెట్టకుండా మేకలపాక వెనక్కి వెళ్లింది, వెళ్లినంత వేగంగానూ వచ్చింది.

"సీపుళ్లేవి?"

పదకొండేళ్ల బుర్రలో ఆ క్షణంలో దొరికిన సమాధానం ఒక్కటే. "మేక తినీసిందప్పా."

అప్ప మేక వైపు చూసింది. మేక మా ఇద్దరి వైపు చూసింది. అది నములుతోంది గాని, దాని జన్మలో ఎప్పుడు నమల్లేదు గనక? "పుల్లలతోటి సహానా?" అంది అప్ప. "పుల్లల్తోటి సహా" అన్నాను. "కట్టిన తాళ్లు కూడానేటి?" "ఆకలి కదప్పా." అప్ప సంచి భుజం మార్చుకుని లోపలికి వెళ్లిపోయింది. తిడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే. క్యాసెట్ ఎదురుగా తెచ్చి పెట్టేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. గీరుకుపోయిన అప్ప చేతులు చూసి రెండుసార్లూ మింగేశాను.

నాలుగు రోజులకే కొత్తరోజు వచ్చింది. తెల్లవారుతూనే ఇల్లు అలికారు, అడ్డాకులు కుట్టారు, బుట్టెడు కాయలు కోసుకొచ్చి కడిగి చెక్కుతుంటే ఆ పులుపు వాసనకే మా దవడలు లాగేస్తున్నాయి. చిన్నమ్మ గారెలకు పిండి రుబ్బుతోంది, ఆమె ఈస్టర్ కూడా ఆ వారమే. మామ్మ మమ్మల్ని అరుగు మీద నిలబెట్టింది. ఆ ఏడు నేను ధైర్యంగా మూతి ఎత్తాను. క్యాసెట్ ధ్యాసలో పడి జీవితంలో మొదటిసారి ఒక్క పచ్చికాయ కూడా దొంగతనం చెయ్యలేదు. మామ్మ ఒకసారి చూసింది, నమ్మలేక మళ్లీ చూసింది, తడిగుడ్డతో తుడిచి మరీ చూసింది.

"ఓలమ్మా, నా మనవడు మనిసైపోనాడు!" అని మురిసిపోయి, ముద్దు చెయ్యడానికి నా చేతులు రెండూ పట్టుకుంది. పట్టుకుని ఆగింది. నా కుడి బొటనవేలు మీద చింతగింజంత బొబ్బ, అది చితికి, దాని మీద ఇంకో బొబ్బ.

"ఇదేట్రా?"

అప్ప పక్కకు వంగి చూసింది. "ఆ ఆటపెట్టె మీట నొక్కితే వస్తాది మామ్మా అది" అంది మెల్లగా. "పాత ఆటలకి రాదు. కొత్తదేదో ఆడినట్టున్నాడు. వారం రోజులు ఆడినట్టున్నాడు." మేక వైపు గడ్డం చూపించి, "మేకకి గాని వచ్చిందేమో సూడు మామ్మా, అదీ ఆడుంటాది" అంది.

బియ్యం డబ్బాలోంచి క్యాసెట్ తెచ్చి మామ్మ చేతిలో పెట్టి, వంతెన సంగతి, గాల్లో కాలి సంగతి, కోడిగుడ్డు సంగతి, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. మామ్మ క్యాసెట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది, వాసన చూసింది, గోటితో నొక్కింది. కాయల్ని ఎలా చూస్తుందో అచ్చం అలాగే.

"టెంక కట్లేదు" అంది. "ఎలాగాడుతాది మరి? తెంపీసిన కాయని మళ్లీ సెట్టుకి అతికించలేం. కావేసి సూడాల."

మర్నాడు మామ్మ పొయ్యి పైన అటక మీద వరిగడ్డి పరిచి, దానిలో మాగబెట్టడానికి మామిడికాయలు పేర్చి, కాయల మధ్యలో మా క్యాసెట్‌ను పడుకోబెట్టి, పైన మళ్లీ గడ్డి కప్పింది. ప్రపంచంలో వీడియో గేమ్‌ను కావేసి పండబెట్టిన మనిషి మా మామ్మ ఒక్కతే. పన్నెండు రోజులు కింద పొయ్యి పొగ, పైన కాయల వేడి. చిన్నాన్న బళ్లో సైన్సు చెప్పేవాడై ఉండి కూడా ఒక్క మాట అనలేదు. వాళ్లమ్మ ఆమె.

పన్నెండో రోజు మామ్మ గడ్డి తీసి, పండిన కాయల్తోపాటు క్యాసెట్ దింపి, నేను చెయ్యి చాపుతుంటే నా చేతి మీద ఒక్కటిచ్చి, అప్పకు అందించింది.

"ముందు తిన్నోడి వంతు అయిపోనాది. నీకు మళ్లీ కొర్రకొత్తకే."

తలుపేశారు. నేను బయట అరుగు మీద మేక పక్కన కూర్చున్నాను. లోపల్నుంచి మొదటి అంకం పాట వినిపించింది, నా నరనరానా ఎక్కిన పాట. రెండో అంకం పాట. వంతెన వచ్చే చోటు. నేను ఊపిరి బిగబట్టాను, మేక నమలడం ఆపింది. అప్పుడు పాట మారింది. ఎప్పుడూ వినని పాట, వడివడిగా, ఎక్కడో వాగు దూకుతున్నట్టు. మొనగాడు రెండో కాలు కింద పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, అందులో సంతోషం ఎంతో, అసూయ ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అప్ప బయటికొచ్చాక అడిగాను. "వంతెనవతల ఏటుందప్పా?"

అప్ప నన్ను చూసింది, మేకను చూసింది. "మేకనడుగు. అన్నీ అదే కదా తినీసీది."

లోపల పట్టిన చెమ్మ పొయ్యి వేడికి ఆరి ఉంటుందిలే అన్నాడు చిన్నాన్న ఆ సాయంత్రం. "ఏటో మరి, టెంక కట్టిందంతే" అంది మామ్మ. ఇద్దరూ ఒకే మాట చెప్పారని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. కొర్రకొత్త కోసం నేను నిజంగానే కాచుకున్నాను, ఒక్క మీట ముట్టకుండా, జీవితంలో మొదటిసారి. ఆషాఢంలో ఒక పిడుగు పడి టీవీనీ ఆటపెట్టెనూ కలిపి బొగ్గు చేసింది. వంతెనవతల ఏముందో చూసిన మనిషి ఆ కొండల్లో మా అప్ప ఒక్కతే.

కథంతా విన్నాక మా అమ్మాయి నా ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. "అత్తకు ఫోన్ చెయ్యి, స్పీకర్లో పెట్టు" అంది. అప్ప ఇప్పుడు పెదబయలు దగ్గర నర్సు. ఎత్తగానే అడిగాను, వంతెనవతల ఏటుందప్పా అని. అవతల కాసేపు నవ్వు.

"మేక పోయి ముప్పయ్యేళ్లయింది కదరా. దాని మనవరాలుంది, వచ్చి అడుగు. ఈ ఏడు మామిడికొత్తకి రా, పిల్లనీ తీసుకురా. అప్పుడు సూద్దుం."

వెళ్లి ఎన్నేళ్లయిందో. మామ్మ లేదు, పొయ్యి పైన అటక లేదు, ఎండుచేపల కొట్టు పక్కన టార్పాలిన్ లేదు. మా వీధి చివర బండి మీద మాఘంలోనే మామిడిపండ్లు వస్తున్నాయి, పైకి బంగారం, కోస్తే లోపల టెంక మెత్తగా చాకుకే తెగిపోతుంది. మూతులెత్తి చూసేవాళ్లు లేకపోయాక సొన మచ్చలు కూడా మానేశాయి.

మా అమ్మాయి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. శుక్రవారం వచ్చింది, ఆట వచ్చింది, లోకమంతా కొంది, ఆమె కొనలేదు. "టెంక కట్టనీ నాన్నా" అని కాలేజీకి వెళ్లిపోయింది. మామ్మ ఉంటే మనిషైపోయిందని మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను, శుక్రవారమంతా, శనివారం సగం.

నిన్న పొద్దున్న కాఫీ దగ్గర కప్పు అందుకోబోతుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. కుడి బొటనవేలు వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఇదేంటి నాన్నా?"

"కూర తరుగుతుంటే..."

"కూర తరిగితే తెగుతుంది. బొబ్బ ఎందుకొస్తుంది?" కప్పు పక్కన పెట్టి, మా అప్ప చూసినట్టే చూసింది. "గుర్రం ఎక్కడ ఆగిపోయింది?"

ఏటిగట్టు దగ్గర. ముందు కాళ్లు రెండూ గాల్లో. కాని ఆ మాట చెప్పకుండా, నా నోరు ముప్పయ్యేళ్ల అలవాటు కొద్దీ ఇల్లంతా వెతికింది, వంటింట్లో, బాల్కనీలో, బట్టలారేసే తాడు వెనక. అయిదో అంతస్తులో మేకను ఎక్కణ్ణుంచి తేను?